మగ్గం మీద కూలిన విమానం

ఎమ్మిగనూరులో ఆ నేతగాళ్ల వీధికి గడియారంతో పనిలేదు. పొద్దున ఆరింటికి శంకరన్న మగ్గం మొదలవుతుంది. పన్నెండున్నరకు ఆగుతుంది. మళ్లీ రెండింటికి మొదలై దీపాలు పెట్టేదాకా టకటకమంటూనే ఉంటుంది. పోయిన ఏడాది దాకా అది ఆగిన రోజులు ఎన్నో వీధిలో ఎవరినడిగినా వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. నేతగాడు కాళ్లు పెట్టుకుని కూర్చునే మగ్గం గుంటలోకి వాననీళ్లు దిగిన రెండు రోజులు, భార్య భాగ్యమ్మకు మలేరియా వచ్చి ఆదోని ఆస్పత్రిలో ఉన్న వారం, కూతురు ఉష పెళ్లి. అంతే.

అరవై ఒక్క ఏళ్ల మనిషి. బక్కపలచగా ఉంటాడు, ముక్కు మీద కోపం. చిన్నాపెద్దా అందరికీ ఆయన శంకరన్నే. ఉష కూడా చిన్నప్పుడు వీధిలో వాళ్లను విని నాన్నను "శంకరన్నా" అనే పిలిచేది. ఇప్పుడు ఆదోనిలో కాపురం చేస్తూ ఇద్దరు పిల్లల తల్లయింది, అయినా ఫోన్లో ఒక్కోసారి నోరు జారుతుంది. ఆయనకు అదేమీ పట్టదు. ఆయనకు పట్టేవి రెండే. ఒకటి, బట్ట ఒత్తుగా రావాలి. రెండు, ఏ సామానైనా కంపెనీవాడు చెప్పినట్టే బిగించాలి. ఇంగ్లీషు చదవలేడు కానీ గుర్తులు చూస్తాడు. బోరు మోటారు మీద బాణం గుర్తుంటే పక్కింటివాళ్లు దాన్ని పట్టించుకోకుండా బిగిస్తుంటే వెళ్లి పోట్లాడి తిప్పించాడు. "వాడు ఊరికే బాణం ఏసినాడనుకుంటిరా? వానికేదో తెలుసు కాబట్టి ఏసినాడు" అంటాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిన రభసంతా దీనివల్లే.

నేసేది దుప్పట్లు. ఆయన దుప్పటి పెళ్లికి పెడితే పుట్టిన బిడ్డ బడికి పోయేదాకా చిరగదని పేరు. ఆ పేరుకు పోయిన ఏడాది దెబ్బ తగిలింది. ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనం చేసుకుని తిరిగి వస్తూ బస్సు మెట్టు మీద కాలు జారి కుడి భుజం మీద పడ్డాడు. రెండు నెలలు కట్టు. కట్టు విప్పాక డాక్టరు భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పూర్తిగా నయమైందన్నాడు. నయమైన మాట నిజమే. కానీ మనిషికి భయం పట్టుకుంది. మళ్లీ ఎక్కడ పట్టేస్తుందోనని చేతిని పొదుపుగా వాడటం మొదలుపెట్టాడు.

నేత తెలియనివాళ్లకు ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. నాడె అడ్డంగా పరుగెత్తి పోగును పరిచి పోతుంది. అప్పుడు మగ్గం మీద వేలాడే బరువైన చెక్కపలకను ముందుకు లాగి ఆ పోగును బట్టలోకి కొట్టాలి. దెబ్బ వేగంగా వచ్చి టక్కున ఆగితే బట్ట బిగుస్తుంది. మెల్లగా తోస్తే జల్లెడవుతుంది. శంకరన్న తోస్తున్నాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, వీధికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు.

నోరెత్తాల్సిన మనిషి దేవేంద్రప్ప. నేతగాళ్ల సొసైటీలో బట్ట చూసి తీసుకునేది ఆయనే. జేబులో మడతపెట్టే చిన్న భూతద్దం ఉంటుంది. దాన్ని బట్ట మీద పెట్టి అంగుళంలో ఎన్ని పోగులున్నాయో లెక్కపెడతాడు. శంకరన్నా ఆయనా ఒకే గురువు దగ్గర, ఒకే గుంటలో పక్కపక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. అందుకే ఆ మాట చెప్పాల్సిన రోజు గుమ్మంలోకి వచ్చి చాలాసేపు చెప్పులు విడవకుండా నిలబడ్డాడు.

"శంకరన్నా, నలభై నాలుగు పోగులు ఉండాల్సిన సోట ముప్పై ఎనిమిది ఉండాయి. రెండు దుప్పట్లు ఎనక్కి వచ్చినాయి. నేనేం సెయ్యాల సెప్పు?"

శంకరన్న తెగిన పోగొకటి వెతికి ముడివేయసాగాడు.

"ఇప్పుడేసిన పడుగులో ఆరు దుప్పట్లు వస్తాయి. వచ్చే బేస్తవారం వచ్చి సూస్తా. అవి కూడా ఇట్లే ఉంటే ఇంక మగ్గం ఆపేద్దాం. గోదాము కాడ కూసునేకి ఒగ మనిషి కావాల మాకు. నీడలో కుర్సీ ఏపిస్తా. కష్టం ఉండదు."

తిట్టి ఉంటే శంకరన్న రెండు తిట్లు ఎక్కువే తిట్టేవాడు. కానీ దేవేంద్రప్ప మంచిగా చెప్పాడు. మంచిగా చెప్పేసరికి శంకరన్న ఆయన పోయేదాకా పోగులు సర్దుతూ గుంటలోనే కూర్చున్నాడు. పదమూడో ఏట నుంచి నేస్తున్న మనిషిని గోదాము దగ్గర కుర్చీలో ఊహించుకుని భాగ్యమ్మ వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చింది.

ఆదివారం శంకరన్న ఆదోని పోయాడు. ఇంట్లో మనవలను చూసొస్తానని చెప్పాడు కానీ, ముందు పోయింది పాత సామాన్లు అమ్మే గుజిరీ అంగళ్లకు. ఆయనకొక ఉపాయం తోచింది. వెనకటివాళ్లు పలక తేలికగా ఉంటే దానికి ఇనుపముక్క కట్టేవారు. పలక బరువుగా ఉంటే చేతికి శ్రమ తగ్గి దెబ్బ గట్టిగా పడుతుంది. ఆ బరువు మరీ ఎక్కువుండకూడదు, పలక మధ్యలో కదలకుండా కూర్చోవాలి, బోల్టు బిగించడానికి బెజ్జాలుండాలి. గుజిరీ సాయిబు లారీ ముక్కలు చూపించాడు, తిరగలి రాయి చూపించాడు, పాత కుట్టుమిషను చక్రం చూపించాడు. ఏదీ నచ్చలేదు. చివరికి గోనెసంచుల కింద నుంచి ఒక నారింజరంగు డబ్బా తీశాడు. ఇటుకంత ఉంది. అడుగున రేకు, రేకుకు నాలుగు బెజ్జాలు, ఒక కొసన మూరెడు సన్నని పుల్ల.

"ఏరోప్లేన్ మాల్, శంకరన్నా! ఇమానం నడిపేది నేర్పే బడి ఒగటి మూతపడితే వచ్చిన సామాను. అసలీ మాల్. సుత్తితో కొట్టినా పగలదు."

శంకరన్న దాన్ని చేతిలో పైకీ కిందికీ ఆడించి చూశాడు. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

ఆ డబ్బా ఏమిటో మనం ఇప్పుడే చెప్పుకుందాం, ఆయనకు మాత్రం నాలుగు రోజులకు గానీ తెలియలేదు. చిన్న విమానాల తోకలో అట్లాంటిది ఒకటి ఉంటుంది. విమానం ఎక్కడైనా కూలిపోతే నడిపేవాడికి స్పృహ ఉన్నా లేకున్నా, ఆ కుదుపుకు డబ్బా దానంతటదే మేలుకొని "ఇక్కడ పడ్డాం, రండి" అని ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలకు కబురు పంపుతుంది. కబురు కింద ఉన్న ఆఫీసుకు చేరితే మనుషులు వెతుక్కుంటూ బయలుదేరతారు. విమానాన్ని పాత సామాన్లకు అమ్మేటప్పుడు డబ్బాలో బ్యాటరీ తీసేయాలి. తీయాల్సినవాడు మరిచిపోయాడు. మరిచిపోవడం ఎవరికైనా సహజమే, దానికి నేనేమీ అనను.

ఆదివారం సాయంత్రమే శంకరన్న దాన్ని పలక మధ్యలో బిగించాడు. డబ్బా పైన పెద్ద బాణం గుర్తుంది. విమానం ముక్కు ఎటుంటే అటు ఆ బాణం ఉండాలని దాని అర్థం, ఎందుకంటే కూలేది ముందుకే. శంకరన్నకు ఆ సంగతి తెలియదు. కానీ పలక కొట్టేదీ ముందుకే కదా! బాణాన్ని శ్రద్ధగా బట్ట వైపు తిప్పి, నాలుగు బోల్టులూ బిగించి, రెండుసార్లు ఊపి చూసుకున్నాడు. మగ్గానికి కొత్త సామాను వస్తే బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టరు. భాగ్యమ్మ పసుపు రాసి, బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూసింది. డబ్బా నుదుట చిన్న గాజుచుక్క ఒకటి గుండ్రంగా కనిపించింది. కంపెనీవాళ్లు బొట్టు కోసమే పెట్టినట్టుందని దాని మీద ఇంత కుంకుమ అద్దింది. అది డబ్బా మేలుకున్నప్పుడు వెలిగే దీపమని ఆమెకెట్లా తెలుస్తుంది?

సోమవారం నుంచి దుప్పట్లు మారిపోయాయి. పలక బరువుకు దెబ్బ మళ్లీ పాతరోజుల్లో పడినట్టు పడింది. మొదటి గజం నేసి వేళ్లతో తడిమి చూసుకున్నప్పుడు శంకరన్నకు నవ్వొచ్చింది. బుధవారం సాయంత్రానికి అయిదు దుప్పట్లు ముగిశాయి. భాగ్యమ్మ నూలు కండెలు చుట్టుకుంటూ పాట కూడా పాడింది. ఆ ఇంట్లో పాట వినబడి ఏడాదయింది.

దేవేంద్రప్ప చెప్పిన బేస్తవారం, అంటే గురువారం పొద్దున ఆరో దుప్పటి మొదలైంది. అప్పుడొక చిన్న ఇబ్బంది వచ్చింది. డబ్బా పక్కన వేలెడు మీట ఉంది. మూడు రోజులూ అది నడిమధ్యలో నిలబడి ఉంది. నాడెను లాగే తాడు సాగి, ఇవాళ ఆ మీటకు రాసుకుంటోంది. తాడు తెగితే పని ఆగుతుంది. శంకరన్న మీటను ఒక పక్కకు నెట్టాడు. టిక్కుమంది. తాడుకు అడ్డం తొలగింది. సంతోషంగా పలక అందుకుని మొదటి దెబ్బ వేశాడు.

మీట మధ్యలో ఉంటే డబ్బా నిద్ర. పక్కకు నెడితే కాపలా. శంకరన్న దెబ్బకు విమానం కూలిపోయిందనుకుని డబ్బా మేలుకుంది. కుంకుమ కింద దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది, ఎవరికీ కనబడలేదు. అది లోపల చిన్నగా చేసే కూత మగ్గం చప్పుడులో కలిసిపోయింది. పైకి మాత్రం కబురు పోతూనే ఉంది.

ఆ తర్వాత జరిగినదంతా శంకరన్నకు ముక్కలు ముక్కలుగా చెవిన పడింది. ఎనిమిదిన్నరకు పక్క మగ్గం నరేష్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు, పొద్దున పూట జిమ్ముకు పోయి, కండలు కనబడేట్టు చొక్కా చేతులు మడిచి తిరుగుతుంటాడు.

"శంకరన్నా, ఇన్నావా? మన ఊరి సుట్టుపక్కల యాడనో ఇమానం పడిందంట! పోలీసోళ్లు ఆదోని రోడ్డు పొడుగూ ఎతుకుతాండారు."

"ఎవరు సూసినారప్పా?"

"ఎవురూ సూడలే. పైనుంచి సెప్పినారంట."

వీధి వీధంతా కదిలింది. ఒకడు మాధవరం దగ్గర తుంగభద్రలో పడిందన్నాడు. కాదు, పత్తిచేలల్లో తోక కనబడుతోందన్నాడు ఇంకొకడు. తొలకరికి జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరడానికి పోయే నరసింహ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని, చిన్న రాయినే పట్టేవాళ్లం ఇంత విమానాన్ని పట్టలేమా అని బండెక్కాడు. శంకరన్న ఒక్కడూ గుంటలోనే ఉన్నాడు. సాయంత్రం దేవేంద్రప్ప వస్తాడు, ఇంకా రెండు గజాలుంది. లేస్తే ముగియదు. కానీ ఎక్కడో ఎవరో దెబ్బలు తగిలి పడి ఉంటే తాను పోగులు కొట్టుకుంటూ కూర్చోవడం మనసొప్పలేదు. చాలా సిగ్గనిపించింది. లేచి పెట్టెలోంచి తాను నేసిన పాత దుప్పటి ఒకటి తీసి నరేష్ చేతిలో పెట్టాడు.

"దెబ్బలు తగిలినోళ్లను మోసేకి గట్టి గుడ్డ కావాల. నలుగురు నాలుగు మూలలా పట్టుకోండి, సిరగదు. నేను ఈ దుప్పటి ముగించి వస్తా."

ముగించి పోవాలని తొందరపడి, పన్నెండున్నరకు కూడా ఆపకుండా ఇంకా గట్టిగా కొట్టాడు. పాపం, ఏ విమానాన్ని వెతకడానికి ఊరంతా పోయిందో ఆ విమానం ఆయన ఒళ్లోనే ఊగుతోంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు విమానాశ్రయం జీపు ఒకటి ఊళ్లోకి వచ్చింది. అందులో జ్యోత్స్న అనే ఇంజినీరు ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో పాతకాలం టీవీ ఏంటెన్నా లాంటిది, మెడలో చిన్న రేడియో. ఏంటెన్నా అటూ ఇటూ తిప్పితే, కబురు వచ్చే వైపుకు తిరిగినప్పుడు రేడియో "కుయ్యో కుయ్యో" అని గట్టిగా ఏడుస్తుంది. పత్తిచేల వైపు తిప్పితే అది నీరసంగా ఏడ్చింది. ఊరి వైపు తిప్పితే గొంతు చించుకుంది. కానిస్టేబులు ఏసన్న ముందు నడుస్తుంటే, చేలల్లోంచి తిరిగొచ్చిన జనం వెనక పడితే, ఆమె మార్కెట్టు దాటి, టీ బంకు దాటి, నేతగాళ్ల వీధిలోకి మళ్లింది. శంకరన్న ఇంటి ముందు ఆగింది. రేడియో చెవులు చిల్లులు పడేట్టు అరుస్తోంది. గుమ్మంలో భాగ్యమ్మ కండెల బుట్టతో నిలబడి ఉంది.

జ్యోత్స్న ఏమడగాలో తెలియక, తడబడుతూనే అడిగింది. "అమ్మా, మీ ఇంట్లో విమానం ఏమైనా ఉందా?"

భాగ్యమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఎండదెబ్బ తగిలిందేమోననుకుంది.

"కాళ్లు సాపుకుని పండుకునేకే సోటు లేదు తల్లీ, ఇమానం యాడ పెట్టుకుంటాము? రా, నీడలో కూసో, నీళ్లు తాగు."

వీధి గొల్లుమంది. జ్యోత్స్న కూడా నవ్వింది కానీ లోపలికి అడుగుపెట్టింది. మగ్గం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పసుపు రాసి బొట్టు పెట్టిన నారింజరంగు డబ్బా పలక మధ్యలో దర్జాగా కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగుతోంది. దాని పుల్లకు శంకరన్న కళ్లజోడు తగిలించి ఉంది.

"పెద్దాయనా, కాసేపు ఆపండి."

ఆపాడు. ఆమె కుంకుమ తుడిచింది. కింద ఎర్రదీపం టుకుటుకుమంటోంది. మీటను మధ్యలోకి జరిపింది. రేడియో ఏడుపు ఠక్కున ఆగింది. ఊరంతా నిశ్శబ్దమైనట్టనిపించింది. ఆమె బయటికి పోయి ఫోన్లో చెప్పి వచ్చి, డబ్బా సంగతంతా వివరించింది. శంకరన్న గుంటలోంచి లేచి నిలబడి చేతులు కట్టుకుని విన్నాడు. విన్నాక ఒక్కటే అడిగాడు.

"అయితే ఎవురికీ దెబ్బలు తగల్లేదు గదా తల్లీ?"

"ఎవరికీ లేదు. అసలు విమానమే లేదు."

"అమ్మయ్య" అని అప్పుడు కూర్చున్నాడు.

ఏసన్న కాగితం తీసి పేరు, వయసు రాసుకున్నాడు. "ఏం పని సేస్తావు?" అని అడిగాడు. శంకరన్న తల తిప్పి చూశాడు. గుమ్మంలో దేవేంద్రప్ప నిలబడి ఉన్నాడు. జనాన్ని చూసి సాయంత్రం దాకా ఆగకుండా ముందే వచ్చేశాడు.

"నేత అని రాయాల్నో వద్దో ఆయప్పను అడుగు" అన్నాడు శంకరన్న.

దేవేంద్రప్ప చెప్పులు విడిచాడు. నేరుగా మగ్గం దగ్గరికి వచ్చి, ముగించిన అయిదు దుప్పట్లనూ పట్టి చూసి, పలక మీది డబ్బాను చూశాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇదా సంగతి! ఇంత గెట్టిగా ఎట్లొచ్చిందబ్బా అనుకుంటి. శంకరన్నా, ఈ దుప్పట్లు డబ్బా నేసింది, నువ్వు కాదు. ఈయమ్మ దాన్ని ఎత్తుకుపోతే రేపట్నుంచి ఏం సేస్తావు?"

అందరూ వింటుండగా అన్నాడు. శంకరన్న తల వంచుకున్నాడు. నిజమేననిపించింది. డబ్బా పోతే చెయ్యి మళ్లీ తోస్తుంది, బట్ట మళ్లీ జల్లెడవుతుంది, నీడలో కుర్చీ ఎదురుచూస్తూనే ఉంది. భాగ్యమ్మ బుట్ట కింద పెట్టేసి ఆయన వెనక్కి వచ్చి నిలబడింది.

జ్యోత్స్న మాత్రం వేరే ఆలోచనలో ఉంది. ఆమె పైవాళ్లకు రిపోర్టు రాయాలి. డబ్బా ఎందుకు మేలుకుందో అందులో చెప్పాలి. "నాకిది నమ్మశక్యంగా లేదు" అంది. "విమానం గతుకుల్లో దిగినా ఇది మేలుకోదు. లారీలో వేసి గుంతల రోడ్డు మీద తెచ్చినా మేలుకోదు. అట్లా తయారుచేశారు. నిజంగా నేలకు గుద్దుకుంటేనే లేస్తుంది. మీటను మళ్లీ పక్కకు నెడతాను, లేస్తే వెంటనే ఆపేస్తాను. ఎవరైనా ఒక్కసారి కొట్టి చూపించండి."

"నేను కొడతా మేడమ్" అని, శంకరన్న పైకి జరగగానే నరేష్ గుంటలోకి దూకాడు. పొద్దున శంకరన్న ఇచ్చిన దుప్పటి ఇంకా భుజం మీదే ఉంది. కండలు బిగించి పలకను లాగి కొట్టాడు. ఇల్లదిరింది. అందరూ డబ్బా వైపు చూశారు. అది పలకలేదు. మళ్లీ కొట్టాడు. మూడోసారికి మెడ నరాలు ఉబ్బాయి. డబ్బా మేలుకోలేదు. నరేష్ అలిగి పైకొచ్చాడు.

"పెద్దాయనా, మీరు కొట్టండి" అంది జ్యోత్స్న.

శంకరన్న బిడియంగా దిగాడు. కాలితో తొక్కి, నాడె విసిరి, రోజూ కొట్టినట్టే ఒక్కటి కొట్టాడు. పెద్ద చప్పుడేమీ కాలేదు. టక్కుమంది, అంతే. ఎర్రదీపం వెలిగింది. జ్యోత్స్న మెడలో రేడియో కుయ్యోమంది.

ఆమె ఆపింది. మళ్లీ కొట్టమంది. మళ్లీ వెలిగింది. మూడోసారీ వెలిగింది. వీధిలో ఎవరో ఈల వేశారు.

"నాకర్థమైంది" అంది జ్యోత్స్న, దేవేంద్రప్ప వైపు తిరిగి. "దీనికి బలంతో పనిలేదండీ. ఎంత వేగంగా వచ్చి ఎంత టక్కున ఆగిందో అదే చూస్తుంది. ఈ అబ్బాయి బలంగా నెట్టుకుపోతున్నాడు, అందుకే లేవలేదు. ఈయన దెబ్బకు మాత్రం విమానం నేలకు గుద్దుకుందనే అనుకుంటోంది. ఇంకో మాట, ఈ బాణాన్ని ఇంత సరిగ్గా ఎవరు పెట్టారు? తిప్పి పెట్టి ఉంటే లేచేదే కాదు. మా మెకానిక్కులే ఒక్కోసారి పొరపాటు పడతారు."

"కంపెనీవాడు ఏసినాడు గదా తల్లీ" అన్నాడు శంకరన్న.

"డబ్బా బరువుకు అట్ల పడతాంది దెబ్బ" అన్నాడు దేవేంద్రప్ప. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

"నరేష్ కొట్టినప్పుడూ ఆ బరువే ఉండె గదా మామా?" అంది భాగ్యమ్మ. ఆమె నలుగురిలో దేవేంద్రప్పకు ఎదురుమాట చెప్పడం అదే మొదటిసారి.

దేవేంద్రప్ప ఒకసారి నరేష్ వైపు, ఒకసారి పలక వైపు చూశాడు. అయినా తల అడ్డంగా ఊపాడు. "సరే. డబ్బా తీసేయండి. ఇంకా మూరన్నర ఉండాది. నా కండ్ల ముందర నెయ్యి శంకరన్నా. సూస్తా."

జ్యోత్స్న బోల్టులు విప్పి డబ్బాను ఒళ్లో పెట్టుకుంది. దానితో వెంటనే పోవచ్చు, జీపు ఎదురుచూస్తోంది. కానీ పోలేదు. భాగ్యమ్మ ఇచ్చిన టీ పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఏసన్న కాగితంలో పని రాసే ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేసి గుమ్మంలో నిలబడ్డాడు. కిటికీ చువ్వల్లోంచి పది ముఖాలు లోపలికి చూస్తున్నాయి.

శంకరన్న పలక పట్టుకున్నాడు. ఒక్కసారిగా తేలికైపోయింది. ఏడాదిగా భుజంలో కాపురమున్న భయం మళ్లీ లేచింది. మొదటి దెబ్బ మెత్తగా పడింది. దేవేంద్రప్ప చూపు పక్కకు తిప్పుకున్నాడు. శంకరన్న ఆ పోగును వెనక్కి లాగేశాడు. డబ్బా విప్పిన చోట వేలితో తడిమాడు. దీపం మూడుసార్లు ఎవరి చేతికి వెలిగింది? తన చేతికే కదా! ఇంత కండ ఉన్న నరేష్‌కు వెలగనిది తనకు వెలిగింది. డబ్బాకు తనతో చుట్టరికం లేదు, జాలి అసలే లేదు. అది ఉన్న మాట చెప్పింది. ఆ ఆలోచన రాగానే భుజం గురించి పట్టించుకోవడం మానేశాడు.

టక్. టక్. టక్. ముందు మెల్లగా, తర్వాత జోరుగా. వీధికి అలవాటైన చప్పుడే, కానీ ఏడాదిగా విన్నది కాదు, అంతకు ముందుది. కిటికీ దగ్గర ముసలివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెమట చుక్కలు పడుగు మీద పడకుండా భాగ్యమ్మ కొంగుతో ఆయన నుదురు తుడుస్తోంది. ముప్పావుగంటలో మూరన్నర ముగిసింది.

దేవేంద్రప్ప భూతద్దం తీశాడు. డబ్బా తీశాక నేసిన చోట పెట్టి వంగాడు. పెదవులు కదులుతున్నాయి. ఒకసారి లెక్కపెట్టాడు. అద్దం కాస్త జరిపి ఇంకోసారి లెక్కపెట్టాడు. నిటారుగా లేచి భూతద్దాన్ని శంకరన్న చేతిలో పెట్టాడు. ఆ అద్దాన్ని ఆయన ఇంకొకరి చేతికివ్వడం అంతవరకూ ఎవరూ చూడలేదు.

"నువ్వే లెక్కపెట్టుకో" అన్నాడు.

శంకరన్న వంగాడు. కళ్లలో నీళ్లు తిరిగి పోగులన్నీ కలిసిపోయాయి. ఒక్కటీ కనబడలేదు. అద్దాన్ని భాగ్యమ్మకు అందించాడు. ఆమె మగ్గం మీద మోచేతులు ఆనించి, గుండుసూదితో పోగు పోగూ తాకుతూ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై దాటాక కిటికీ దగ్గరివాళ్లు గొంతు కలిపారు. ముప్పై దాటాక ఏసన్న కూడా కలిపాడు. "నలభై రెండు, నలభై మూడు, నలభై నాలుగు" అని వీధంతా అరిచి, చప్పట్లు కొట్టడానికి చేతులెత్తింది.

"ఉండండప్పా" అని కసిరింది భాగ్యమ్మ, తల ఎత్తకుండానే. "ఇంగొగ పోగు ఉండాది. నలభై అయిదు."

దేవేంద్రప్ప చెయ్యి చాచి భూతద్దం వెనక్కి తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఏసన్న దగ్గరికి పోయి కాగితంలో ఖాళీ గడి మీద వేలు పెట్టాడు.

"నేత అని రాయి" అన్నాడు. "గెట్టిగా రాయి."